ఒకే ఊళ్లో ఇద్దరు గుండె రోగులు

ఈ మధ్య ఒక పెళ్లిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు కొందరు నా బల్ల దగ్గరే భోజనానికి కూర్చున్నారు. కుక్క గుండెకు స్కానింగు, పిల్లి గుండెకు స్కానింగు, ఈసీజీ అయితే ఫోన్‌లోనే అట. వింటుంటే ముచ్చటేసింది, కొంచెం కుళ్లు కూడా వచ్చింది. నా సర్వీసంతా బర్రెల గర్భసంచుల్లో చెయ్యి పెట్టడంతోనే గడిచింది. గుండె అనేది మాకు పరీక్ష రాసి మరిచిపోయిన పాఠం. కల్వకుర్తి పక్క మండలంలో పశువుల దవాఖానకు కుక్క వచ్చిందంటే లారీ కిందైనా పడి ఉండాలి, పందులతోనైనా కొట్లాడి ఉండాలి. గుండె బాగాలేదని వచ్చిన కుక్క నా మొత్తం ఉద్యోగంలో గుర్తుండిపోయేంతగా ఒక్కటే. ఆ ఒక్కదాన్ని రెండని నమ్మి మేం ఆడిన ఆట మీకు చెప్పాలి.

ముందు వైద్యం ముక్క చెప్పేస్తాను, మళ్లీ మధ్యలో పాఠం చెప్పే ఓపిక నాకు లేదు. చిన్న జాతి కుక్కలు ముసలివైతే గుండెలో ఎడమ పక్క కవాటం దళసరెక్కి సరిగా మూసుకోదు. రక్తం కొంత వెనక్కి కారుతుంది, గుండె పెరుగుతుంది, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పెద్ద జాతి కుక్కల్లో కండరమే సాగిపోయి గుండె వదులవుతుంది. పిల్లుల్లో దీనికి తలకిందులు, కండరం మందమై లోపల జాగా తగ్గిపోతుంది. పిల్లి మొండిది, పైకి ఏమీ చెప్పదు, ఉన్నట్టుండి ఒకరోజు వెనక కాళ్లు పడిపోతాయి. కుక్క నయం. దగ్గుతుంది.

ఈ కుక్క కూడా దగ్గుతూనే వచ్చింది. కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజులు, మా మహబూబ్‌నగర్ జిల్లా ఇంకా ముక్కలు కాలేదు. ఒకరోజు పొద్దున గొర్రెల కాపరి ఒకాయన, యాభై దాటినవాడు, తువాలలో చుట్టి ఒక తెల్ల పామేరియన్‌ను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. గొర్రెల ఇంట్లోకి పామేరియన్ ఎట్లా వచ్చిందంటే, పట్నంలో వాచ్‌మన్‌గా ఉన్న వాళ్ల చుట్టం పంపాడు. ఫ్లాటు వాళ్లు ఊరొదిలి పోతూ దాన్ని మెట్ల మీద వదిలేశారట. పాపం అది గొర్రెలను చూస్తే మంచం కింద దూరేది. పేరు మాత్రం రాజు.

"సర్ది పట్టింది డాక్టరమ్మా," అన్నాడాయన. "శొంఠి పోసినం, మిరియాల కషాయం పోసినం, తగ్గుతలేదు. రాత్రంత మమ్మల్ని పండనిస్తలేదు."

స్టెతస్కోపు పెట్టి విన్నాను. గుండె కొట్టుకునే లబ్బుకూ డబ్బుకూ మధ్య ఏమీ వినపడకూడదు. ఇక్కడ స్‌స్‌ అని, కుక్కరు కూత పెట్టబోయే ముందు ఆవిరి పోయినట్టు చప్పుడు. పాఠంలో చదివింది చదివినట్టు. నాకు సంతోషమైంది, దాచుకోను. రోగి బల్ల మీద వగరుస్తుంటే డాక్టరుకు సంతోషమేమిటని మీరడగొచ్చు. మీకూ అవుతుంది, చూడండి. అటెండరును పిలిచి అతని చెవులకూ స్టెతస్కోపు తగిలించాను. అతను శ్రద్ధగా విని, "అవును మేడం, కొట్టుకుంటాంది," అన్నాడు.

"దీనికి గుండెజబ్బు," అని కాపరికి చెప్పాను.

"గుండెనా? దానికేం ఫికరుందని గుండెజబ్బు? వస్తే నాకు రావాలె గదా!" అన్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు గొంతు తగ్గించి నన్ను బయటికి రమ్మని సైగ చేశాడు. మా దిక్కు గుండె రోగి ముందర రోగం పేరు ఎత్తరు. వరండాలోకి తీసుకుపోయి అడిగాడు. "జర మెల్లగ చెప్పు, లోపల అది ఇంటాంది. ఎన్ని దినాలుంటది?"

మందులతో ఏడాది, ఇంకా పైన కూడా ఉండొచ్చన్నాను. ఒంట్లో నీరు మూత్రంగా పోయే గోలి, గుండె మీద బరువు తగ్గించే గోలి రాసిచ్చాను. రెండూ మనుషుల మందుల దుకాణంలో దొరికేవే. ఉప్పు పెట్టొద్దన్నాను. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, కుక్కను మళ్లీ తువాలలో చుడుతూ, "ఎట్లన్న జేసి బతికియ్యి డాక్టరమ్మా. నా ఇంటికి వచ్చేటోళ్లల్ల గిదొక్కటే మిగిలింది," అన్నాడు. ఇంట్లో ఉండే కుక్క ఇంటికి రావడమేమిటో నేను అడగలేదు. రోగం దొరికిన సంతోషంలో ఉన్నాను.

వారం తిరగకముందే పక్క మండలం డాక్టరు గారు ఫోన్ చేశారు. నాకంటే బాగా సీనియర్. తన చెవికి మించిన చెవి జిల్లాలో లేదని ఆయన నమ్మకం.

"అమ్మా, నా దగ్గరికి ఒక అపూర్వమైన కేసు వచ్చింది. పామేరియన్, ఎడమ కవాటం. పేరు టైగర్. విశేషమేమిటంటే ఇది పొట్టి వెంట్రుకల పామేరియన్. పుస్తకాల్లో కూడా కనపడదు."

"నా దగ్గరా ఒకటుంది సార్, కానీ నాదానికి ఒళ్లంతా బొచ్చు," అన్నాను, తగ్గకుండా.

ఊరి పేరు అడిగితే ఇద్దరిదీ ఒకే ఊరు. అది నా మండలంలోది. నా ఊరి మనిషి నన్ను దాటి అంత దూరం బండి మీద కుక్కను తీసుకుపోయాడని చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఆనందం దాగలేదు. "'మా అన్న గొర్లను తోల్కపోయే దవాఖానకు నేను పోను సారూ' అన్నాడమ్మా. ఏం చేస్తాం, నమ్మకం!" అన్నారు. అట్లా నా కాపరికి ఒక తమ్ముడున్నాడని తెలిసింది. అన్న ఇంట్లో ఒక పామేరియన్, తమ్ముడి ఇంట్లో ఒక పామేరియన్, రెండింటికీ ఒకే జబ్బు. ఒకే తల్లి పిల్లలై ఉంటాయని, వంశంలోనే ఉందని మేమిద్దరం ఫోన్‌లోనే తేల్చేశాం.

తెలివైనవాళ్లు మీరు, ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. మాకు అసలు సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది కాబట్టి మీరు కూడా కొంచెం ఓపిక పట్టండి. నేను చూసిన మూడోనాడే ఆ ఊళ్లో గొర్రెలకు ఉన్ని కత్తిరించారు. కత్తెర పట్టినవాడు తెల్లగా కనపడిన దాన్నల్లా గొరుక్కుంటూ పోయాడు. పొట్టి వెంట్రుకల అపూర్వ జాతి అట్లా పుట్టింది.

రోగులు ఇద్దరూ మొదట్లో బాగానే ఉన్నారు. అన్న ఒక్కడే వచ్చి, "దగ్గు పోయింది డాక్టరమ్మా, గని ఇల్లంత చెర్వైతాంది," అన్నాడు. అది మందు పనిచేస్తున్న గుర్తని చెప్పి పంపాను. మరోసారి వచ్చి, "లేస్తలేదు. కూసున్నకాడనే కూసుంటాంది," అన్నాడు. గుండె ఇంకా బలహీనపడిందనుకుని నీటి గోలి పెంచాను. పక్క మండలంలో మా సీనియర్ పెద్దాయన కూడా తమ్ముడి మాట విని అదే అనుకుని అదే గోలి పెంచారు. సాయంత్రాలు ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లం. ఇద్దరు రోగులకూ ఒకేనాడు నీరసం, ఒకేనాడు తిండి మీద విరక్తి. అప్పుడైనా అనుమానం రావాలి. మాకు అనుమానం రాలేదు, గర్వం వచ్చింది.

ఆ గర్వం ఆగక, జిల్లా సమావేశంలో, అందరూ గొర్రెల టీకాల గురించి చెబుతుంటే, పెద్దాయన లేచి నిలబడ్డారు. ఒకే ఊళ్లో రెండు గుండెజబ్బు కుక్కలున్నాయని, ఒకటి అరుదైన జాతిదని చెప్పారు. హాల్లో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచారు. కట్టంగూరు దిక్కు చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన ఒకాయన ఉండేవాడు. నల్లగొండ నీళ్లు చూసి చూసి, ఆయనకు లోకంలో ప్రతి జబ్బుకూ ఫ్లోరైడే కారణం. కోడి గుడ్డు పెట్టకపోయినా ఫ్లోరైడే. "నీళ్లు పరీక్ష చెయ్యాలె," అని ఆయన బల్ల గుద్దాడు. మా పశువైద్య శాఖ జిల్లా అధికారి మంచివాడే, కానీ గొర్రెలు తప్ప మరో మాట విని చాలా కాలమైంది. "మనమందరం పోయి చూద్దాం," అన్నాడు.

అట్లా రెండు కుక్కలను చూడటానికి నలుగురు డాక్టర్లం, ఒక ఈసీజీ మిషను, నీళ్లు పట్టడానికి డజను ఖాళీ సీసాలతో జీపులో బయలుదేరాం. మేం వస్తున్నామని సర్పంచికి ముందే కబురు పోయింది. ఎందుకొస్తున్నామో మాత్రం ఆయన నమ్మలేదు. జిల్లా అధికారి కుక్క కోసం వస్తాడా అనుకుని శామియానా వేయించి, ఊరి గొర్రెలన్నిటినీ తోలించి పెట్టాడు. జీపు దిగేసరికి దుమ్ము, అరుపులు, కాళ్ల మధ్య గొర్రెపిల్లలు.

"ముందుగాల గొర్లకు సూదులెయ్యుండ్రి సారూ. కుక్క యాడికి పోతది?" అన్నాడు సర్పంచి.

అధికారి వినలేదు. రెండు కుక్కలనూ తెమ్మన్నాడు. కాసేపటికి అన్న వచ్చాడు, అదే తువాలలో కుక్కను మోసుకుంటూ. బొచ్చు లేక అది సగమైంది. తల వాల్చేసింది. నాకు మొదట కలిగింది ఆశ్చర్యమే, నా బొచ్చు కుక్క ఏమైందని. పెద్దాయన నా చెవి దగ్గర, "ఇది నాది కదమ్మా! నీ రోగి ఏది?" అన్నారు.

తమ్ముడు ఉత్త చేతులతో వచ్చి శామియానా గుంజ దగ్గర, అన్నకు దూరంగా నిలబడ్డాడు.

"నీ కుక్క ఏదయ్యా?" అన్నాడు అధికారి.

తమ్ముడు గడ్డంతో అన్న చేతుల్లోకి చూపించి, "గదే సారు," అన్నాడు.

"అది మీ అన్న కుక్క గదా?"

"పాళ్లు పంచుకున్ననాడు గొర్లు పంచుకున్నం, చెలక పంచుకున్నం, ఆఖరికి రోకలి గూడ పంచుకున్నం. కుక్క ముచ్చట ఎవ్వలు తియ్యలే. గది నాది గూడ."

అప్పుడు బయటపడింది మొత్తం. గొర్రెల దొడ్డి వాకిట్లో ఏ దిక్కున ఉండాలన్న దాని మీద మొదలైన పంచాయితీ అన్నదమ్ములను విడదీసింది. నడుమ గోడ లేచింది. మాటలు బందైనాయి, తోడికోడళ్ల మాటలు కూడా. ఆ గోడకు అటూ ఇటూ తిరిగే ప్రాణి ఈ కుక్క ఒక్కటే. రాత్రి అన్న మంచం కింద రాజు, మధ్యాహ్నం తమ్ముడి రేకుల కింద టైగర్. అవతలి ఇంటివాడు దీన్ని పట్టించుకోడని ఇద్దరికీ గట్టి నమ్మకం. అందుకే ఇద్దరూ విడివిడిగా దవాఖానకు తెచ్చారు, ఇద్దరూ పూర్తి మోతాదు గోలీలు వేశారు, మేం పెంచమన్నప్పుడు ఇద్దరూ పెంచారు.

నేనూ పెద్దాయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరెంత రాశామో లోపల కలుపుకుంటున్నాం. కుక్కకు గుండె అంత చెడలేదు. మా ఇద్దరి వైద్యం కలిసి దాని ఒంట్లో నీళ్లన్నీ పిండేసింది. చిగుళ్లు ఎండిపోయి అంటుకుంటున్నాయి.

"మీకెవరికీ తెలియదా ఇది ఒకటే కుక్కని?" అని అధికారి ఊరివాళ్ల మీద అరిచాడు.

"ఎర్కనే సారూ," అంది ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ. "ఇద్దరు డాక్టర్లు జూస్తే జల్ది తగ్గుతదేమో అనుకున్నం. మీరు అడగలే గదా."

ఇంక నవ్వడానికి టైం లేదు. శామియానా కిందే బల్ల మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టాం. ఇక్కడే కష్టం. జబ్బు గుండె కాబట్టి నీళ్లు తొందరగా ఎక్కిస్తే ఊపిరితిత్తులు మునుగుతాయి. ఎక్కించకపోతే మూత్రపిండాలు పోతాయి. చుక్క చుక్క లెక్కన పంపాలి. సీసా తగిలించడానికి గుంజ అందకపోతే జిల్లా అధికారే ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి సీసా పట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన తన ఘనమైన చెవితో ఊపిరితిత్తులు వింటూ ఉన్నారు, అప్పటికి ఆయన నోట అరుదైన జాతి అన్న మాట రావడం మానేసింది. ఫ్లోరైడు ఆయన మాత్రం ఊరి బోర్లన్నిటి దగ్గరా నీళ్లు పట్టుకుంటూనే ఉన్నాడు. తెచ్చిన సీసాలు వృథా కావద్దు గదా అన్నాడు.

అన్న బల్లకు ఒక పక్క, తమ్ముడు ఇంకో పక్క నిలబడ్డారు. అన్న దాని తల నిమురుతుంటే తమ్ముడు వెనక కాళ్లు పట్టుకున్నాడు. ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు తిరుగుతున్నాయి, ఒకరినొకరు చూడటం లేదు. నాకు అప్పుడు భయం వేసింది. చాలా పశువులు నా చేతుల్లో పోయాయి, ఏ డాక్టరుకైనా తప్పదు. ఇది పోతే మాత్రం ఆ రెండిళ్ల మధ్య తిరిగేది ఇంకేమీ ఉండదు.

పొద్దు వాలేటప్పుడు కుక్క తల ఎత్తింది. గిన్నెలో నీళ్లు పెడితే రెండు గుక్కలు తాగింది. "తాగిండు డాక్టరమ్మా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు, ఇద్దరూ నాతోనే.

తర్వాత అసలు పంచాయితీ. ఇంకమీదట గోలీలు ఒక్క ఇంట్లోనే వెయ్యాలని అధికారి తీర్పు చెప్పాడు. ఏ ఇల్లన్నదాని మీద ఇద్దరూ తగ్గలేదు. పొద్దటిది అన్న, సాయంత్రానిది తమ్ముడు అన్నాను నేను. అయితే వేసిన సంగతి, వెయ్యని సంగతి, దగ్గిన సంగతి ఒకరికొకరు చెప్పుకోవాలన్నాను.

"మాట్లాడం," అన్నారిద్దరూ. ఆ ఒక్క విషయంలో అన్నదమ్ములకు మంచి పొత్తు.

అందరం తల పట్టుకుని కూర్చుంటే అన్న భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని అంది. "ఆళ్లు ఆళ్లు మాట్లాడకుంటే ఏమాయె? కుక్కతోని మాట్లాడుతరు గదా. దానికే జెప్పమనుండ్రి. గోడ అంత ఎత్తేం లేదు, అవతలికి ఇనబడుతది."

సర్పంచి నవ్వాడు గానీ అధికారి నవ్వలేదు. అదే తీర్పుగా ఖాయం చేసి జీపెక్కాడు. దారంతా నీళ్ల సీసాలు గలగలమన్నాయి. ఆ నీళ్లల్లో ఏమీ లేదని తర్వాత తెలిసింది.

నెలకోసారి నేనే ఆ ఊరికి పోయి చూసి వచ్చేదాన్ని. మొదట్లో గోడ ఇవతల అన్న, "రాజుగా, పొద్దటి గోలి ఏసిన. ఆడికి పొయ్యి మల్ల అడుగకు," అని గట్టిగా అనేవాడు. అవతల నుంచి తమ్ముడు, "టైగరూ, పగలు రెండుసార్లు దగ్గినవు. ఆడ చెప్పినవా లేదా?" అనేవాడు. నాలుగు నెలలు తిరిగేసరికి కుక్కకు చెప్పే మాటలు పెరిగాయి. బోరు మోటరు కాలిపోయిన సంగతి, పొట్టేలు కుంటుతున్న సంగతి, చెలకలో పందులు పడ్డ సంగతి అన్నీ దానికే చెప్పేవాళ్లు. ఒకనాడు నేనుండగానే తమ్ముడు, "టైగరూ, మోకాళ్లకు నూనె రాస్తే నొప్పి తక్కువైతదంట. చలికి కుంటుతున్నోళ్లకు చెప్పు," అన్నాడు. కుక్క కుంటడం లేదు. అన్న మోకాళ్లే బాగాలేవు. అన్న మంచం కోడు పట్టుకుని, మోకాలు మెల్లగా రుద్దుకున్నాడు.

ఇంకో సంగతి నేను వాళ్లకు చెప్పలేదు. అప్పటికే ఆ కుక్కకు చెవుడు వచ్చేసింది. వెనక నుంచి చిటిక వేసినా తిరిగేది కాదు.

ఆ తర్వాత ఏడాదికి పైనే బతికింది. ఒక పొద్దున సర్పంచి ఫోన్ చేశాడు. "కుక్క పోయింది డాక్టరమ్మా. నిద్రలనే పోయింది. నువ్వు జర వస్తే మంచిగుంటది, ఈడ ఇద్దరి మధ్య లొల్లి అయితాంది." నేను వెళ్తూ దారంతా దిగులుపడ్డాను. ఇంక వాళ్లు ఎవరి పేరు పెట్టి మాట్లాడతారు? మందుతో కుక్కను నడిపించాను గానీ ఆ మాటలను ఎన్నాళ్లు నడిపించగలను?

పోయేసరికి గోడ పక్కన ఊరంతా ఉంది. కుక్కను తువాలలో చుట్టి గోడ మీదే పడుకోబెట్టారు, అటూ కాకుండా ఇటూ కాకుండా. అన్నదమ్ములు గోడకు చెరో పక్కన నిలబడి, ఒకరి మొహం ఒకరు చూస్తూ గొంతులు చించుకుంటున్నారు.

"మా జామచెట్టు కింద పెడ్త. రాత్రంత నా మంచం కిందనే పండేది!"

"పగలంత మా రేకుల కింద పండేది. మా దిక్కే పెట్టాలె!"

"నాకు చెప్పెటందుకు నువ్వెవనివిరా?"

"నేనెవన్నా? నీ తమ్మున్ని!"

సర్పంచి నా దగ్గరికి ఉరికొచ్చాడు. "నువ్వన్న ఆపు డాక్టరమ్మా, కొట్టుకునేటట్టున్నరు."

"ఆపకు," అన్నాను. "ఇంకాసేపు కొట్లాడనియ్యి."

అక్కడున్న మంచం మీద కూర్చుని చాయ్ పెట్టమన్నాను, ఏ ఇంట్లోదైనా సరే.